అంజన్ రాని సాయంత్రం

గౌలిగూడ హమాలీ అంజన్ చనిపోయిన మూడో నాడు శ్మశానం గోడ పక్కన పిట్టకు పెట్టినప్పుడు ఏం జరిగిందో పాఠకులు మరిచిపోయి ఉండరు. మరిచిపోయినవారి కోసం రెండు ముక్కలు. కూతురు జమున ఆకు పరిచి తండ్రికి ఇష్టమైనవన్నీ వడ్డించింది. మటన్ కూర, జొన్నరొట్టె, లోటాలో కల్లు, మానేశానని చెబుతూనే ఆయన చివరిదాకా మానని బీడీ. కాకి వచ్చింది. ఆకు చుట్టూ తిరిగింది. ముట్టలేదు. పోయినవాడికి తీరని కోరిక ఉంటే పిట్ట ముట్టదంటారు గనుక చుట్టాలు ఒక్కొక్కరే ముందుకొచ్చి చేతులు జోడించి మాటిచ్చారు. నీ బిడ్డకు ఏ కష్టమొచ్చినా మేమున్నామని ఒకరు, ఊళ్ళో నీ పేరు మీద బండ వేయిస్తామని మరొకరు. కాకి గోడెక్కి కూర్చుని అందరి మాటలూ విన్నది గానీ కిందికి దిగలేదు. చివరకు జమున మేనమామ బిచ్చయ్య గొంతు సవరించుకున్నాడు. “బావ గా ఫైటు మనసుల పెట్టుకొని పోయిండు. గా సేటు వచ్చి నిలబడితే తప్ప ముట్టదు” అన్నాడు.

రేపు దినాలు, మళ్ళీ పిట్టకు పెట్టాలి. ఇవాళ సాయంత్రం జమున అబిడ్స్‌లో ఆ సేటు దుకాణం మెట్లెక్కింది.

ఏ ఫైటు అని కొత్తవాళ్ళు అడగవచ్చు. నాంపల్లి స్టేషన్ దగ్గర ఇరానీ హోటల్లో ఏ ముసలాయన్ను కదిపినా చాలు, మీ చాయ్ చల్లారిపోయేదాకా చెబుతాడు. నలభై ఏళ్ళ కింద ఈ నగరానికి ఒక అదృష్టం పట్టింది. బాక్సింగులో ఒకే తూకంలో, మిడిల్ వెయిట్‌లో, నలుగురు మొనగాళ్ళు ఒకేసారి పుట్టుకొచ్చారు. గౌలిగూడ లారీ ఆఫీసులో మూటలు మోసే అంజన్, అబిడ్స్ వ్యాపారి కొడుకు విద్యాసాగర్, రైల్వేలో పనిచేసే మల్లేష్, పోలీసు లక్ష్మణరావు. అదృష్టం వెంటే శని కూడా పట్టింది. ఆ నలుగురిలో ఏ ఇద్దరూ ఎన్నడూ ఎదురెదురుగా నిలబడలేదు. మల్లేష్‌కు అంజన్‌తో పోటీ ఖాయమైన వారంలోనే బదిలీ వచ్చింది. విద్యాసాగర్‌తో తలపడాల్సిన నాటికి లక్ష్మణరావు మణికట్టు విరిగి కూర్చున్నాడు. అప్పుడు జరిగిన పోటీలు జనానికి గుర్తు లేవు. జరగనివాటిని మాత్రం ఉస్మానియా బిస్కెట్ల సాక్షిగా ఇప్పటికీ హోటల్ బల్లల మీద ఆడిస్తూనే ఉంటారు. ఇవాళ అంజన్ గెలుస్తాడు, రేపు మల్లేష్ గెలుస్తాడు, ఎల్లుండి బిల్లు ఎవరు కట్టాలన్న దగ్గర అందరూ ఓడిపోతారు.

వాటిలో పెద్దది అంజన్, విద్యాసాగర్‌ల స్టేట్ ఫైనల్. అది జరగడానికి గడప దాకా వచ్చింది. పొద్దున ఇద్దరూ తూకం తూగారు. సాయంత్రానికి హాల్లో ఇసుక వేస్తే రాలనంత జనం. విద్యాసాగర్ గ్లవ్స్ తొడుక్కుని తన మూలలో నిలబడ్డాడు. అంజన్ పేరు మూడుసార్లు పిలిచారు. అంజన్ రాలేదు.

విద్యాసాగర్‌కు కప్పు ఇచ్చారు. అంజన్‌కు ఒక పేరు ఇచ్చారు. భగోడా. పారిపోయినవాడు. పెద్దలు పోటీల నుంచి వేసిన వేటు ఏడాదికి తీరింది గానీ ఈ పేరు ఆయనతోపాటు కాటిదాకా వచ్చింది. బళ్ళో జమునను పిల్లలు భగోడా బిడ్డ అని పిలిచారు. ఆమె పెళ్ళిలో సైతం తాగినవాడొకడు లేచి, పెళ్ళికూతురి తండ్రి పారిపోకుండా తలుపులు వేయండ్రా అని అరిచాడు. లోకుల నోళ్ళు మూయడానికి మూకుళ్ళు లేవు కదా. అంజన్ ఆ రోజు నవ్వి ఊరుకున్నాడు. జమున మాత్రం ఊరుకోలేకపోయింది. సుల్తాన్ బజార్‌లో చీరల దుకాణంలో నిలబడి పనిచేసే మనిషి, నోరు లేని మనిషేం కాదు. అయినా ఆ ఒక్క పేరు వినబడితే ఇప్పటికీ ఆమె తల దించుకుంటుంది. మూడో నాటి నుంచి ఇంకో బాధ మొదలైంది. ఇంటి ముందు కరెంటు తీగ మీద ఒక కాకి వాలి ఉంటోంది. అదే కాకో కాదో ఎవరు చెప్పగలరు? అన్నం వేస్తే తినదు, తరిమితే పోదు. ఊరికే చూస్తుంది. ఆ చూపు తండ్రిదే అనిపించి జమున కిటికీ మూసుకుని వంట చేస్తోంది.

విద్యాసాగర్ దుకాణంలో అమ్మేవి కప్పులు, షీల్డులు. ఊళ్ళో ఏ స్కూల్లో ఏ పిల్లవాడు గెలిచినా ఆ పేరు ఇక్కడే చెక్కాలి. వెనక గదుల్లోనే కాపురం. జమున లోపలికి వచ్చేసరికి ఆయన ఇత్తడి రేకు మీద ఏదో పేరు చెక్కుతున్నాడు. జుట్టంతా నెరిసినా భుజాలు మాత్రం ఇంకా బరువు చూసిన భుజాలే.

“ఏం కావాలె బిడ్డా? కప్పా, షీల్డా?”

“నేను గౌలిగూడ అంజన్ బిడ్డను సార్.”

చెక్కే మిషన్ ఆగిపోయింది. బయట అబిడ్స్ రోడ్డు మీద హారన్ల మోత ఒక్కసారిగా లోపలికి వచ్చినట్టయింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు.

“విన్న. నాంపల్లిల ఎవరో చెప్పిన్రు. మట్టి వేయనీకి రావాలనుకున్న. కాళ్ళు రాలే” అన్నాడు. “కూసో. నిలబడ్డవేంది?”

జమున కూర్చుని పిట్ట సంగతంతా చెప్పింది. నవ్వుతాడేమోనని భయపడింది. ఆయన నవ్వలేదు గానీ వ్యాపారి ఇంటి మనిషి కదా, ఒక మాట అనకుండా ఉండలేకపోయాడు.

“మా ఇంట్ల గూడ కాకికి పెడతం. అది తినకుంటె ఆవుకు పెట్టి ఇంటికొస్తం. మీరు మాటలిచ్చుకుంట నిలబడతరు.”

“నిలబడతం సార్. మా వాళ్ళకు గది పట్టింపు. మీరు రేపు జర వచ్చి ఒక్క మాట చెప్పున్రి. చాలు.”

“ఏమని?”

“‘అంజన్, ఆ దినం నువ్వొస్తే నువ్వే గెలుస్తుంటివి’ అనున్రి. గంతే. మీ కప్పు మీకే ఉంటది. మా నాయనకు శాంతి ఉంటది.”

విద్యాసాగర్ ఇత్తడి రేకును పక్కన పెట్టాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, పోయినవాడిని పొగడటానికి పెద్ద ఖర్చేమీ ఉండదు. ఇంకొకరైతే సరేనమ్మా అని పంపేసేవారు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

“గది అబద్ధం.”

“అబద్ధమో నిజమో ఎవరికెరుక సార్?”

“గదే కద బిడ్డా నా బాధ!” ఆయన గొంతు హెచ్చింది. “ఎవ్వరికెరుక లేదు. నాక్కూడ ఎరుక లేదు. మీ నాయన రాకుంటె మీకు ఒక పేరొచ్చింది. నాకేమొచ్చిందో తెలుసా? కల. ఇప్పటికీ వస్తది. గంట కొడతరు, నేను లేస్త, అవతలి మూల ఖాళీ. నేను హాలంత తిరుగుత. కుర్చీల కింద చూస్త. జనం నవ్వుతనే ఉంటరు. నువ్వు గెలిచినవ్ పో అంటరు. ఎవన్ని గెలిచిన? చెప్పున్రి అంటె ఎవ్వడు చెప్పడు. పొద్దున లేస్తె పిడికిళ్ళు బిగుసుకొని ఉంటయి. మా ఇంటామె విద్య వేళ్ళు విప్పుతది.”

ఇన్నేళ్ళూ జమున ఈ మనిషిని కప్పు చంకన పెట్టుకుని హాయిగా నిద్రపోయే షావుకారుగానే ఊహించుకుంది. ఆయన మీద కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు.

అప్పుడే లోపలి నుంచి ఆయన భార్య విద్యావతి చాయ్ తెచ్చింది. ఆయనకు సొంత మేనమామ కూతురు. నెమ్మదైన మనిషి. “తాగు బిడ్డా” అని జమున చేతికి ఒక కప్పు ఇచ్చి రెండోది బల్ల మీద పెట్టింది. బల్ల నిండా షీల్డులుండటంతో జమున మర్యాదకు చోటు చేసి ఆ కప్పును ఆయన ఎడమ పక్కకు జరిపింది. విద్యావతి ఏమీ అనలేదు. అటువైపు చూడనైనా చూడకుండా, చీర కుచ్చిళ్ళు సర్దుకున్నంత మామూలుగా, కప్పు తీసి కుడి పక్కన పెట్టింది.

చీరల దుకాణంలో రోజంతా మనుషుల చేతులను చూసే జమునకు అది కొట్టొచ్చినట్టు కనబడింది. ఆమె లేచి మెల్లగా ఆయన ఎడమ పక్కకు వెళ్ళి నిలబడింది. విద్యాసాగర్ ఖాళీ అయిన కుర్చీ వైపే చూసి, “ఏడికి పోయింది?” అంటూ మెడ మొత్తం తిప్పాడు. అప్పుడు గానీ ఆమె కనబడలేదు.

“సార్, మీకు ఎడమ దిక్కు కనవడదా?”

విద్యావతి చేతిలో ట్రే కదలకుండా నిలిచిపోయింది. విద్యాసాగర్ కాసేపు జమునను చూసి చిన్నగా నవ్వాడు.

“భలే కనిపెట్టినవ్. ఇన్నేండ్లల్ల ఒక్కడు కనిపెట్టలే. కనవడదు. గా ఫైనల్‌కు నెల ముందు ప్రాక్టీసుల తగిలింది. ఒక పక్క పరదా పడ్డట్టయింది.”

“మరి డాక్టర్ పరీక్ష చేయలేదా?”

“ఎందుకు చేయలే? గోడ మీది అక్షరాలు నాకు ముందే నోటికొచ్చు. మొదటి వరుస సంది ఆఖరు వరుస దాక. మేమంత గట్లనే చేస్తుంటిమి బిడ్డా. ఒకని చెవి పోయుంటది, ఒకని చేతి బొక్క విరిగుంటది. బైట పడితె ఆట బంద్. గందుకని అందరం అన్నీ మంచిగున్నయని చెప్పి బరిలకు దిగుతుంటిమి.”

“ఆ కన్ను మీద ఇంకో దెబ్బ పడుంటే?”

“కన్ను పోతుండె. పానం కూడ పోవచ్చని బైటి డాక్టరొకాయన చెప్పిండు. అయినా దిగుదామనే ఉంటిని. అప్పటి వయసు గట్లాంటిది.”

జమున కుర్చీలో కూలబడింది. తండ్రి గుద్దు ఏ చేతిదో గౌలిగూడలో పసిపిల్లవాడికి కూడా తెలుసు. కుడిచేతిది. బయటి నుంచి తిరిగొచ్చి ఎదుటివాడి ఎడమ కణత మీద పడేది. ఆ దెబ్బ తిన్నవాడు తిన్నట్టు కూడా తెలియకుండా పడిపోయేవాడని నాంపల్లి ముసలివాళ్ళు ఇప్పటికీ చేత్తో చేసి చూపిస్తారు. పెళ్ళినాటి రాత్రి తండ్రి అన్న మాట ఆమెకు గుర్తొచ్చింది. ఆ తాగినవాడిని ఎందుకు కొట్టలేదని ఆమె ఏడిస్తే, కొట్టరాని దెబ్బ ఒకటుంటది బిడ్డా, నీకు చెప్పినా తెల్వదు అన్నాడు. నిజంగానే అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

“సార్, ఈ కన్ను సంగతి మా నాయనకు తెలుసా?”

“మీ నాయనకెట్ల తెలుస్తది? గప్పుడు కోచ్‌కే చెప్పలే. మా బాపుకు చెప్పలే. నాకు, విద్యకు తప్ప ఇంకెవ్వరికి...”

మాట సగంలో ఆగింది. ఆయన మెడను మెల్లగా భార్య వైపు తిప్పాడు.

విద్యావతి ట్రేను షీల్డుల మీదే పెట్టేసి స్టూలు మీద కూర్చుంది. తప్పించుకుందామని చూడలేదు. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు దించే చోటు దొరికిన మనిషిలా కనబడింది.

“నేనే చెప్పిన బావా.”

“ఎప్పుడు?”

“గా దినమే. మీరు తూకానికి పోయొచ్చి పండుకున్నరు. నేను రిక్షా కట్టించుకొని గౌలిగూడ పోయిన. అప్పటికింక మన పెండ్లి కాలే. ఇంట్ల తెలిస్తె కాళ్ళిరగ్గొడుతుండిరి. లారీ ఆఫీసు ఎనక మూటల మీద కూసోని అన్నం తింటుండు అంజనన్న. తూకం కోసమని రెండు దినాలు కడుపు మాడ్చుకున్న మనిషి. నేను చెప్పిన. ఏ కన్నమ్మా అని అడిగిండు. ఎడమదన్న. చేతిల ముద్ద పళ్ళెంల పెట్టేసిండు.”

జమున నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తండ్రి అన్నం వదిలేసి లేవడం ఆమె జన్మలో చూడలేదు.

“నేను బతిమాలిన, కుడిచెయ్యి ఎత్తకుండ ఆడమని. ఆయన నవ్విండు. బరిల దిగినంక నా చెయ్యి నా మాట వినదమ్మా అన్నడు. పెద్దలకు చెప్పి ఫైటు ఆపిస్తవా అంటె, చెప్తె సేటు ఆట జన్మల ఉండదు, నేను రాకుంటె నా ఒక్క దినమే పోతది అన్నడు. ఒక్క దినమే అనుకున్నడు పాపం. నేనూ గట్లనే అనుకున్న.”

“నలభై ఏండ్లు!” అన్నాడు విద్యాసాగర్. “నలభై ఏండ్లు పొద్దున లేచి నా వేళ్ళు విప్పినవ్. ఒక్కనాడు నోరు విప్పలే?”

“ఒట్టేయించుకున్నడు బావా. నేను బతికున్నంత కాలం చెప్పకు, పోయినంక చెప్పు, అప్పుడైతె కొట్టనీకి ఆయనకు దొరక అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. ఆయన పోయిండని తెలిసిన కాడ్నించి రోజూ చెబ్దామనుకున్న. నోటిదాక వస్తది, మింగుత. గీ పిల్ల పిట్ట సంగతి చెప్తుంటె పరదా ఎనకాల నిలబడి విన్న. పిట్టను ఆపింది నేనే.” ఆమె జమున చేయి పట్టుకుంది. “మీ నాయన పారిపోలే బిడ్డా. రేపు నేనొచ్చి అందరి ముంగట చెప్త. ఎవరేమనుకున్నా ఫికర్ లేదు.”

జమున ఏడ్చింది. తండ్రి పోయిన నాడు కూడా అంత ఏడవలేదు. ఏడుస్తూనే నవ్వింది. భగోడా బిడ్డ అన్న ప్రతి నోరూ ఆమెకు గుర్తొచ్చింది. ఆ నోళ్ళన్నిటినీ రేపు పొద్దున ఒకచోట కూర్చోబెట్టి ఈ మాట వినిపించాలనిపించింది. పిట్ట ముట్టినట్టే, తండ్రి ఆకలి తీరినట్టే అనుకుంది.

అంతలో పెద్ద చప్పుడైంది. విద్యాసాగర్ బల్ల మీద పిడికిలితో గుద్దాడు. నాలుగు షీల్డులు కిందపడ్డాయి.

“జాలి!” అన్నాడు. “నా మీద జాలి పడ్డడు! నా కన్ను, నా పానం, నా ఖర్మ. దిగుతనన్నది నేను. దిగొద్దనేటందుకు ఆయనెవడు, నువ్వెవరు? మీరిద్దరు మూటల మీద కూసోని నా బతుకును తెగ్గొట్టిన్రు. నేను గెలిచిననని నలభై ఏండ్లు ఈ అబిడ్స్ నడుమ తలెత్తుక తిరిగిన. అది గెలుపు గాదు, భిక్షం! అంజన్ ఏసిన భిక్షం!”

“పానాలతోని ఉన్నరు గద బావా.”

“గదెట్ల బతుకే? ఖాళీ మూలను చూసుకుంట బతికిన గద!”

విద్యావతి తల వంచుకుంది. జమున లేచి నిలబడింది. ఒక నిమిషం కింద దేవుడి వరంలా వచ్చిన మాట ఈ ముసలాయన చేతిలో ఎట్లా మారిపోయిందో ఆమెకు అర్థం కాలేదు. అర్థమైన కొద్దీ భయం వేసింది. ఆయన అన్నదాంట్లోనూ నిజముంది. అదే అసలు భయం.

విద్యాసాగర్ ఊపిరి సంబాళించుకుని కిందపడ్డ షీల్డులను ఒక్కొక్కటే తీసి పెట్టాడు. ఎడమ పక్కన పడినదాని కోసం చేత్తో తడుముకున్నాడు. విద్యావతి అందివ్వబోతే వద్దని సైగ చేశాడు. అన్నీ సర్దాక జమున వైపు మెడ తిప్పినప్పుడు ఆ ముఖంలో ముసలితనం లేదు. తూకం తూగి వచ్చిన కుర్రవాడి ముఖం అది.

“వస్త బిడ్డా. రేపు తప్పకుండ వస్త. నువ్వు చెప్పమన్న మాట మాత్రం చెప్ప. గా పిట్ట ముంగట నిలబడి మీ నాయనను అడుగుత. నన్ను గుడ్డోన్ని అనుకొని ఇడిసిపెట్టే హక్కు నీకెవడిచ్చిండురా అని అడుగుత. దమ్ముంటె ఇప్పుడు రా అంట. ఊరంత విననీ. గప్పుడు ముడుతదో ముట్టదో చూద్దాం.”

“బావా, చచ్చిన మనిషి...” అంది విద్యావతి.

“నాకైతె ఆయన చావలే. నా కలలకు రోజూ రావాల్సినోడు రాకుండ సతాయిస్తనే ఉన్నడు. రేపు నేనే పోత. చెప్పు బిడ్డా, ఎన్ని గంటలకు?”

జమున ఇక్కడికి వచ్చింది ఆయన్ను రమ్మని కాళ్ళు పట్టుకోవడానికి. దారి పొడుగునా గన్‌ఫౌండ్రీ నుంచి ఇక్కడిదాకా ఏం చెప్పి ఒప్పించాలా అని మాటలు కూర్చుకుంటూ వచ్చింది. ఇప్పుడు ఆయన వస్తానంటున్నాడు. చుట్టాల ముందు, బిచ్చయ్య మామ ముందు, ఆకు మీద మెతుకులు ఆరకముందే ఈ మనిషి నిలబడి తండ్రిని తిడతాడు. ఆకలితో పోయిన తండ్రి ఆకలితోనే తిరిగి పోతాడు. ఆ కాకి ఆమె ఇంటి ముందు తీగ మీద ఆమె బతికినన్నాళ్ళూ కూర్చుంటుంది.

“చెప్పవేంది? ఎన్ని గంటలకు?”

పిట్టకు పెట్టేది ఎనిమిదింటికి. ఎండ ముదరక ముందే కావాలని బిచ్చయ్య అందరికీ కబురు చేశాడు.

జమున పర్సు భుజానికి తగిలించుకుని, ఆయన కనబడే పక్కకు వచ్చి నిలబడింది.

“పదకొండింటికి సార్” అంది.